గంగబాబు వాకిట్లో మంచు

తెల్లారే వేళకి గంగబాబు ఇంటి దడి బయట బుట్టలు వరసకట్టేవి. వెదురు బుట్టలు, తాటాకు బుట్టలు, రొయ్యల వాళ్ల ప్లాస్టిక్ ట్రేలు. మనిషి అటూ ఇటూ వెళ్లినా ఫర్వాలేదు, బుట్ట వరసలో ఉంటే మనిషి ఉన్నట్టే. గంగబాబు భార్య మాణిక్యం శాలువా కప్పుకుని వచ్చి, పార దడికి ఆనించి, తలుపు తీసేది. లోపల వాకిట్లో చీలమండ లోతున మంచు పడి ఉండేది. ఆడవాళ్లు దాన్ని ఎత్తి బుట్టల అడుగున పరిచి, పైన చేపలు పేర్చి, వాటి మీద ఇంకాస్త చల్లి, అమలాపురం బస్సు తప్పిపోకుండా పరిగెత్తేవారు.

చినమొగ పాలెం గోదావరి సముద్రంలో కలిసే చోటుకి దగ్గర. వేసంగిలో అక్కడి ఇసుక మీద కాలు పెడితే బొబ్బలెక్కుతుంది. అలాంటి ఊళ్లో ఆ ఒక్క వాకిట్లో, చూరు నుంచి దడి దాకా, దడికి అవతల రేణువైనా పడకుండా, రోజూ మంచు పడేది. గంగబాబు పట్టాళం నుంచి వచ్చేసిన మర్నాడే అది మొదలైంది. ఆ పొద్దున పక్కింటావిడ దడి మీంచి చూసి, మావాడు పండుగప్ప చేప తెచ్చేడు, ఆ మంచు కాస్త పెడతావా అని మాణిక్యాన్ని అడిగింది. మాణిక్యం చేటతో ఎత్తి ఇచ్చింది. పెరట్లో నిమ్మచెట్టు కాస్తే నాలుగు కాయలు అడగరూ, ఇదీ అంతే.

దడి పక్కనున్న కొబ్బరిచెట్టు బొండాలు ఎప్పుడు దించినా చల్లగా ఉండేవి. ఊళ్లో ఎవరింటికి చుట్టాలొచ్చినా ఆ చెట్టు కాయలే అడిగి పట్టుకెళ్లేవారు. కష్టమల్లా మాణిక్యానిది. వడియాలు పక్కింటి డాబా మీద, మిరపకాయలు ఎదురింటి అరుగు మీద ఎండబెట్టుకోవాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో వేసిన ముగ్గులే గానీ, మళ్లీ తన వాకిట్లో తను ముగ్గు పెట్టుకున్న పాపాన పోలేదని విన్నవాళ్లకీ విననివాళ్లకీ చెప్పుకునేది. గంగబాబు మాత్రం రోహిణి కార్తెలో కూడా ఉన్ని స్వెట్టరు వేసుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, అరుగు మీద కూర్చునేవాడు. ఆయనకి చెమట పట్టగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

ఊరు ఆయన్ని మిలట్రీగారు అనేది. హవల్దారుగా చేసి వచ్చాడు. ఉత్తరాన, పక్షి కూడా ఎగరని ఎత్తున, మంచుకొండ మీద ఒక చౌకీని ఒంటిచేత్తో కాపాడినందుకు ఢిల్లీ పిలిచి గుండె మీద శౌర్యపతకం గుచ్చారు. తుఫానులో పైకి మనిషి రాలేక, కిందకి మనిషి దిగలేక, అవతలివాళ్లు ఎక్కి వస్తుంటే తుపాకీ దించకుండా నిలబడ్డాడట. ఇదంతా నిజమే. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. చెప్పకుండా మిగిలిపోయిన ముక్క ఒకటుంది, అంతే.

ఆ మంచుకో గుణం ఉండేది. ఎవరైనా గంగబాబుని పొగిడితే మర్నాడు ఎక్కువ పడేది. దీన్ని మొదట కనిపెట్టినవాడు బంగారరాజు. ఊరి చివర రొయ్యల చెరువులూ, ఒక లారీ ఉన్న ఆసామి. ఒక ఆగస్టు పదిహేనుకి బళ్లో గంగబాబు చేత జెండా ఎగరేయించి, హెడ్మాస్టారు ఆయన ధైర్యం గురించి పిల్లలు ఎండలో తూలిపోయేదాకా మాట్లాడారు. మర్నాటి పొద్దున మోకాలి లోతు పడింది. వ్యాపారస్తుడికి ఒకసారి చూపిస్తే చాలు. అప్పటి నుంచి చెరువు పట్టుబడి పెట్టుకున్నప్పుడల్లా ముందురోజు సాయంత్రం బంగారరాజు పూలదండ పట్టుకుని దిగేవాడు. మీలాంటివారు మా ఊళ్లో పుట్టడం మా అదృష్టమండి అని, దండ వేసి, దణ్ణం పెట్టి, ఆకాశం వైపు ఓసారి చూసి వెళ్లిపోయేవాడు. దండ మెడలో పడుతుంటే గంగబాబు తల దించుకునేవాడు. ఎంత అణకువో చూడండ్రా అని పక్కవాళ్లు అనేవారు. దానికి ఇంకో జానెడు పడేది.

తొంభై ఆరు తుఫానప్పుడైతే ఆ వాకిలే ఊరిని నిలబెట్టింది. కొబ్బరితోటలు నేలకొరిగి, స్తంభాలు పడిపోయి, వారాల తరబడి కరెంటు లేదు. ఐసు ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డాయి. బతికి బయటపడ్డ పడవలు నాలుగు చేపలు తెస్తే అవి కుళ్లిపోకుండా కాచింది గంగబాబు మంచే. ఆ ఏడు గంగబాబు పేరు చెప్పుకుని అన్నం తిన్నామని పాలెం ఆడవాళ్లు ఇప్పటికీ ఒప్పుకుంటారు.

ఆ ఆడవాళ్లలో వీరవేణి ఒకతె. అందరికంటే ముందు బుట్ట పెట్టేదీ, అందరి తర్వాత మంచు ఎత్తుకునేదీ ఆమె. పెద్దబొట్టు, రెండు చేతులా ఎర్రగాజులు, మెడలో నల్లపూసలు. ఆమె మొగుడు సత్తియ్య గంగబాబుకి మేనత్త కొడుకు. బావా బామ్మర్దులు ఇద్దరూ ఒకే పడవ మీద వల లాగారు, ఒకే బస్సులో కాకినాడ వెళ్లి ఒకే రోజు పట్టాళంలో చేరారు, ఒకే గుడారంలో ఆ మంచుకొండ మీద కాపలా ఉన్నారు. గంగబాబు తిరిగొచ్చాడు. సత్తియ్య రాలేదు. మంచుచరియ విరిగిపడి కొట్టుకుపోయాడనీ, ఒళ్లు దొరకలేదనీ గవర్నమెంటు వీరవేణికి చెప్పింది. కొన్నేళ్లకి చనిపోయినట్టే లెక్క అనీ చెప్పింది.

గవర్నమెంటు చెబితే పాలేనికి చాలదు. అక్కడో కట్టుబాటు ఉంది. సముద్రం మీదకి పోయినవాడు ఒళ్లు దొరక్కుండా పోతే, కూడా వెళ్లి తిరిగొచ్చినవాడు కులపెద్దల ముందు ఏట్లోకి దిగి, మొలలోతు నీళ్లలో నిలబడి, చూశాను అని చెప్పాలి. ఆ మాట పడేదాకా ఆడదాని బొట్టూ గాజులూ ఎవరూ ముట్టకూడదు. ఆ మాట పడ్డాక ఆమె ఏడుస్తుంది, పెద్దకర్మ చేస్తుంది, మనసుంటే మారుమనువు చేసుకుంటుంది. మారుమనువు ఆ కులంలో తప్పు కాదు. మాట పడకపోతే ఆమె సుమంగళే, ముసలిదైపోయినా సరే, ఎదురుచూస్తూ కూర్చోవలసిందే. సత్తియ్య పోయింది మంచులో గానీ సముద్రంలో కాదు కదా అని ఎవరో అంటే, కులపెద్ద కొండలరావు, గడ్డకట్టినా నీళ్లు నీళ్లేగా అన్నాడట.

గంగబాబు వచ్చిన వారంలోనే పెద్దలు ఆయన్ని పిలిచి అడిగారు. ఆయన చూడలేదన్నాడు. చూశానంటే ఎలా పోయాడని అడుగుతారు, అడిగితే చెప్పాలి. చూడలేదంటే వీరవేణికి ఆశైనా మిగులుతుందిలే అని కూడా అప్పుడు తనకి తాను చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాటతో చెల్లెలి వరసైనదాన్ని పన్నెండేళ్లు రాటకి కట్టేశాడు.

జరిగిందేమంటే, తుఫాను పట్టాక గుడారంలో ఇద్దరే మిగిలారు. సత్తియ్య కాళ్లు నల్లబడిపోయి లేవలేకుండా ఉన్నాడు. కిరసనాయిలు అయిపోయింది. కాళ్లు రుద్దు బావా, కాళ్లు రుద్దు బావా అని అడుగుతూ అడుగుతూ ఉండగానే సత్తియ్యకి మాట పడిపోయింది. గంగబాబుకి వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. ఎలాగూ పోయేవాడే కదా అనిపించింది. సత్తియ్య ఒంటి మీది కోటు విప్పి తన కోటు మీద వేసుకున్నాడు. గుండీలు తీస్తుంటే సత్తియ్య ఊపిరి ఆయన చేతి మీద తగిలింది. తగిలినా ఆగలేదు. ప్రాణం పోయాక, కోటు లేని ఒళ్లు ఎవరి కంటా పడకూడదని దాన్ని ఈడ్చుకెళ్లి మంచు పగుల్లోకి దింపేశాడు. రెండు కోట్ల వెచ్చదనంతో తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. దానికే పతకం.

ఇది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకసారి, తొంభై మూడులో, తాగిన మైకంలో మాణిక్యంతో, బావకి కోటు లేదే అన్నాడు. అంతే అన్నాడు. మర్నాడు వాకిట్లో మంచు పడలేదు. దడి బయట బుట్టల వాళ్లు ఎండెక్కేదాకా నిలబడి నిలబడి చేపలు కుళ్లు వాసన వేస్తుంటే తిట్టుకుంటూ వెళ్లారు. బంగారరాజు రొయ్యలు లారీడు పాడైపోయాయి. సాయంత్రం ఊరంతా దండలు పట్టుకుని వచ్చి పడ్డారు. మా వల్ల తప్పేమైనా జరిగితే మన్నించండి మిలట్రీగారూ అన్నారు. ఆ మాటకి మళ్లీ పడింది. మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంగబాబు నోరు మూసుకుంటే ఊరికి అన్నం, నోరు తెరిస్తే ఊరికి పస్తు అని ఇద్దరికీ తెలిసింది. ఆ ఊళ్లో వీరవేణి కూడా ఉంది.

తొంభై తొమ్మిది వేసవిలో కార్గిల్ మంచుకొండల మీద యుద్ధం వచ్చింది. టీవీల్లో రోజూ అవే కొండలు. దేశమంతా సిపాయిల్ని వెతికి వెతికి దండలేస్తున్న రోజులు. అమలాపురంలో పెద్ద సభ పెట్టి గంగబాబుని స్టేజీ ఎక్కించారు. పక్క కుర్చీలో, మంచులో మాయమైన జవాను భార్య అని వీరవేణిని కూర్చోబెట్టి శాలువా కప్పారు. మైకులో మాట్లాడినాయన గంగబాబుని చూపించి, తన ప్రాణం కన్నా తోటివాడి ప్రాణం ఎక్కువనుకునే మనిషండి అన్నాడు. చప్పట్లు ఆగలేదు. వీరవేణి కూడా కొట్టింది, గాజులు గలగలలాడుతుంటే. మర్నాడు వాకిట్లో మొలలోతు పడింది. మాణిక్యం తలుపు తీయలేక దడి ఓ పక్క పీకించింది.

ఆ పొద్దున అందరూ వెళ్లాక వీరవేణి ఉండిపోయింది. బుట్ట కింద పెట్టి, కొంగు తడి పిండుకుంటూ, అన్నయ్యా నీతో ఓ మాట అంది.

"దుర్గారావు గారు మళ్లీ అడిగేరు" అంది. దుర్గారావంటే అవతలి ఒడ్డుకి పంటు నడిపే సరంగు. మనుషుల్నీ సైకిళ్లనీ ఆ బల్లకట్టు మీద ఏరు దాటిస్తాడు. పెళ్లాం పోయి చాలా ఏళ్లయింది. నెమ్మదస్తుడు. "ఈసారి నాకూ సరే అనాలనే ఉంది. నాకు ముప్పై అయిదొచ్చేయి అన్నయ్యా. ఒక్క మనిషికి ఎసరు పెట్టుకోవడం అంటే ఎలా ఉంటాదో నీకు తెలీదు."

గంగబాబు చేతులు చంకల్లో ఇంకాస్త లోపలికి దోపుకున్నాడు.

"ఆయన రాడని నాకు తెలుసు. ఎప్పుడో తెలుసు. కానీ నాకు తెలిస్తే సరిపోదు కదా, చూసినోడు చెప్పాలి. నువ్వా చూళ్లేదు. నీకు అబద్ధం చెప్పడం చేతకాదని ఊరంతా అంటారు. అయినా అడుగుతున్నాను. చూసేనని చెప్పు. ఏట్లో అబద్ధం చెప్పినోడి వలలో చేప పడదంటారు, నీకు వలే లేదు, నీకేం పోదు. పాపం ఏవైనా ఉంటే అది నా నెత్తి మీద వేసుకుంటాను."

నిజాన్ని అబద్ధంగా చెప్పమని ఆమె చేతులు పట్టుకుంటుంటే గంగబాబుకి దొంగకి తేలు కుట్టినట్టయింది. అబ్బా అనడానికి లేదు. ఆలోచిస్తానమ్మా అన్నాడు. ఆమె కళ్లొత్తుకుని బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

సంగతి బంగారరాజు చెవిన పడటానికి ఎంతో సేపు పట్టలేదు. పాలెం వాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి దండతో వచ్చి కూర్చుని, మిలట్రీగారు అబద్ధమాడితే ఇంకేముందండి అని నసిగాడు. మీ నిజాయితీ వల్లే కదండీ ఈ వాకిట్లో మంచు పడుతోంది, అది కాస్తా పోతే పిల్లాజెల్లా ఏమైపోతారండి అన్నాడు. మంచు ఎందుకు పడుతోందో గంగబాబుకీ, సగం మాణిక్యానికీ తప్ప ఎవరికీ తెలియదు. నిజాయితీ అన్న మాట వినగానే గంగబాబు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు.

ఆ రాత్రి మాణిక్యం అన్నం వడ్డిస్తూ తనే మొదలెట్టింది.

"చూసేనని చెప్పండి. అంతవరకే చెప్పండి. దాని తర్వాత ఇంకేదో ఉంది, నాకు తెలుసు. అదేంటో నేనింతవరకూ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఊరి కడుపు కొట్టకండి. కానీ ఆ పిల్లని వదిలెయ్యండి, పుణ్యముంటాది."

గంగబాబు మజ్జిగ కూడా పోసుకోకుండా లేచాడు. అదీ బాగానే ఉందనిపించింది. చూశాను అంటే చాలు, వీరవేణికి విడుదల. ఊరికి మంచు ఎలాగూ ఆగదు. తను మాత్రం ఎప్పటిలాగే. ఎప్పటిలాగే ఉండటానికి తను ఒప్పుకుంటున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఒప్పుకున్నాడు.

దసరా వెళ్లాక, వరద తీసి నీళ్లు తేటపడ్డాక, ఒక ఆదివారం పొద్దున పెద్దలు కూర్చున్నారు. ఊరు ఊరంతా ఒడ్డున చేరింది. వలలు ఆరేసే పాక నీడలో కొండలరావు, ఆయన పక్కన మిగతా పెద్దలు. కాస్త ఎడంగా స్కూటరు మీద బంగారరాజు. పంటు ఒడ్డుకి కట్టేసి దుర్గారావు దాని మీదే నిలబడ్డాడు, దగ్గరికి రావడానికి మొహమాటపడి. నీళ్ల అంచున వీరవేణి, ఆమె వెనక వెంకటరమణమ్మ అనే ముసలావిడ చేతిలో రాయి పట్టుకుని. గాజులు పగలగొట్టడానికి ఆ రాయి. ఆ పని పాలెంలో ఎప్పుడూ ఆవిడదే. ఆవిడ గాజుల్ని కూడా ఒకప్పుడు అలాగే ఎవరో పగలగొట్టారు.

గంగబాబు స్వెట్టరుతోనే నీళ్లలోకి దిగాడు. మొలలోతు వచ్చాక వెనక్కి తిరిగి, "సత్తియ్య పోయేడు. నేను చూశాను" అన్నాడు.

ఒడ్డున ఉన్న అందరికీ అది అబద్ధమనే తెలుసు. జన్మలో అబద్ధమాడని మనిషి ఒక ఆడపిల్ల కోసం గోదావరిలో నిలబడి ఆడాడని కొందరు కళ్లు తుడుచుకున్నారు. కొండలరావు అంతటివాడు లేచి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం చూసి గంగబాబుకి నీళ్లలో ములిగిపోదామనిపించింది.

కట్టుబాటులో ఇంకొక్కటి మిగిలింది. చూసినవాణ్ణి పోయినవాడి భార్య ఒక్క మాట అడగొచ్చు. అందరూ చివరిమాట ఏమన్నాడనే అడుగుతారు. వీరవేణి అంత కష్టం పెట్టదలచుకోలేదు. చూడనివాడు చివరిమాట ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే తేలిగ్గా తప్పించుకునేలా ఏదో చిన్నది అడిగింది.

"చలికి వణికేడా అన్నయ్యా?"

లేదమ్మా అంటే అయిపోయేది. ఆమె కూడా ఆ మాట కోసమే నిలబడింది. గంగబాబు లేదమ్మా అనడానికే నోరు తెరిచాడు. కాళ్ల కింద ఇసుక జారుతోంది. తనని కాపాడటానికి అడగాల్సిన ప్రశ్నని కూడా చిన్నది చేసుకున్న ఆ పిల్ల మొహం చూశాడు. ఇంతమంది దయని మోసే శక్తి ఆయనకి ఒక్కసారిగా లేకుండా పోయింది.

"వణికేడమ్మా" అన్నాడు. "బావ కోటు నేను తీసేసుకున్నాను. అప్పటికింకా ఊపిరుంది. తెలిసే తీసుకున్నాను."

మొదట కదిలింది మంచు. పన్నెండేళ్లుగా ఆ దడి దాటని మంచు, పట్టపగలు, గోదావరి మీద పడటం మొదలెట్టింది. పొద్దున్నే నేల మీద ఉన్న మంచుని ఎత్తుకెళ్లడమే గానీ అది పడుతుండగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పడవల మీద, వలల మీద, కొండలరావు తలగుడ్డ మీద, బంగారరాజు స్కూటరు సీటు మీద పడింది. చొక్కాలు లేని మగవాళ్లు చేతులు కట్టుకున్నారు. పిల్లలు తల్లుల చీరల్లో దూరారు. పళ్లు టకటకలాడాయి. ఒడ్డున ఉన్న ప్రతి మనిషికీ ఎముకల్లోకి దిగింది చలి, కోటు లేనివాడి చలి.

వెంకటరమణమ్మ రాయి ఎత్తబోయింది. ఈలోగా వీరవేణి చేతుల మీద గాజులు చిటచిటమన్నాయి. ఆ చలికి ఒకదాని తర్వాత ఒకటి వాటంతట అవే చిట్లి, చర్మం గీసుకోకుండా, ఇసుకలో రాలిపోయాయి. రెండు చేతులూ ఖాళీ అయ్యేదాకా ఆమె అలా చూస్తూ నిలబడింది. ముసలావిడ కాసేపు చూసి, రాయి ఏట్లోకి విసిరేసింది. మళ్లీ ఇంకో రాయి ఆవిడ ఎత్తలేదు, పాలెంలో ఇంకెవరూ ఎత్తలేదు.

వీరవేణి కొంగుతో బొట్టు తుడుచుకుని గంగబాబు వైపు చూడకుండా ఇంటికి నడిచింది. వెనకే జనం కదిలారు. నీళ్లలో ఉన్న మనిషిని మాణిక్యం వచ్చి చెయ్యి పట్టుకుని బయటకి తెచ్చింది.

మర్నాడు వాకిలి పొడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే. బుట్టలు ఒక వారం వరసకట్టి, తర్వాత మానేశాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. బంగారరాజు ఐసుకి అమలాపురం లారీ పంపడం మొదలెట్టి, ఆ ఖర్చు చెప్పుకునేటప్పుడల్లా గంగబాబుని తిట్టేవాడు. కొందరు కోటు సంగతికి తిట్టారు, ఎక్కువమంది ఐసు సంగతికి తిట్టారు. జెండా ఎగరేయడానికి రిటైరైన పోస్టుమాస్టారుని పిలిచారు. పతకం పెట్టెలోనే ఉంది, దాన్నేం చెయ్యాలో గంగబాబుకి తెలియలేదు. మాణిక్యం వాకిలి కడిగి ముగ్గు పెట్టింది గానీ, పెడుతున్నంతసేపూ దడి వైపే చూసింది.

సత్తియ్యకి పెద్దకర్మ జరిగింది. గంగబాబుని పిలవలేదు. మాఘమాసంలో దుర్గారావు, వీరవేణి మారుమనువు చేసుకుని, మురమళ్ళ వెళ్లి వీరేశ్వరస్వామికి కల్యాణం చేయించుకొచ్చారు. దానికీ పిలవలేదు. పిలుస్తారని ఆయన అనుకోనూలేదు. రాత్రిళ్లు మాత్రం చెయ్యి మీద ఆ ఊపిరి అలాగే తగిలేది. చెబితే పోతుందనుకున్నాడు. మంచు పోయింది గానీ అది పోలేదు.

వైశాఖంలో ఒక పొద్దున అవతలి ఒడ్డున పనిబడి పంటు ఎక్కాడు. ఆ ఏడాది ఎండలు మండుతున్నాయి. స్వెట్టరు ఎప్పుడో మానేశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి, నుదుటి మీద నుంచి చెమట కారుతుంటే తుడుచుకోవడం కూడా సరిగ్గా రావడం లేదు ఆయనకి. దుర్గారావు ఆయన్ని చూసి తల ఊపి, ఇంజను వైపు తిరిగాడు. పంటు మధ్యలో చేపల బుట్ట ముందు పెట్టుకుని వీరవేణి కూర్చుని ఉంది. చేతులకి పచ్చగాజులు. గంగబాబు ఆ చివర, నీడ లేనిచోట నిలబడ్డాడు.

సగం ఏరు దాటాక ఆమె లేచి వచ్చి పక్కన నిలబడింది. మొహం నీళ్ల వైపు పెట్టి అడిగింది.

"ఊపిరుందన్నారు. ఎప్పటిదాకా ఉందండి?"

అన్నయ్యా అన్న పిలుపు లేదు. గంగబాబు "తెల్లారేదాకా" అన్నాడు.

"తెల్లారేక కూడా తుఫానుందా?"

"లేదమ్మా. ఆ పొద్దుట కాసేపు తెరిపిచ్చింది. ఎండొచ్చింది."

"ఆయన మీద పడిందా ఎండ?"

పన్నెండేళ్లుగా ఆయన ఆ రాత్రినే చూస్తున్నాడు. రాత్రి దగ్గరే ఆగిపోయేవాడు, తెల్లారడం దాకా ఎప్పుడూ వెళ్లలేదు. ఇప్పుడు ఆమె అడిగితే వెళ్లాడు. గుడారం గుడ్డ గాలికి చిరిగి వేలాడుతోంది. దాంట్లోంచి ఎండ సన్నగా లోపలికి వచ్చింది. సత్తియ్య కళ్లు తెరిచే ఉన్నాయి.

"పడింది" అన్నాడు. "మొహం అటు తిప్పుకున్నాడు. తనే తిప్పుకున్నాడు. కాసేపు అలా ఉండి, అప్పుడు పోయేడు."

ఇంజను చప్పుడు, నీళ్ల చప్పుడు.

"ఆయనకి పొద్దున్నే మొహం మీద ఎండ పడాలండి" అంది. "మా పాకలో తూరుపు వైపు తడిక నన్ను తియ్యమని, అలా మొహం పెట్టుకుని పడుకునేవోడు. అయితే చీకట్లో పోలేదన్నమాట."

గంగబాబు ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. పంటు ఒడ్డుకి తగిలేదాకా అలాగే పక్కన నిలబడి తనూ ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, చుట్టకుదురు నెత్తి మీద సర్దుకుని, బుట్ట దగ్గర వంగి, ఎదురుగా ఉన్నది ఎవరైతే వాళ్లని అడిగినట్టే అడిగింది.

"కాస్త ఎత్తండి."

చేపల బుట్ట ఒక్క మనిషి నెత్తికెత్తుకోలేదు, అవతల ఒకళ్లు పట్టాలి. గంగబాబు అటు వైపు చేతులు పెట్టి ఎత్తాడు. ఫ్యాక్టరీ ఐసు కరిగిన నీళ్లు బుట్ట సందుల్లోంచి ఆయన మోచేతుల దాకా కారాయి. చల్లగా, హాయిగా ఉన్నాయి. ఆమె బుట్టతో ఒడ్డెక్కి బస్సు వైపు నడిచింది.